‘అమ్మకి చెప్పొద్దు సార్’: మైనర్లు మాత్రలు మింగి ఆస్పత్రికి వస్తే ఇంటికి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లో పిల్లాడో మాత్రలు ఎక్కువగా మింగి క్యాజువాలిటీకి వస్తే, కాస్త తెలివి రాగానే తరచూ అడిగేది ఒకటే: ‘అమ్మకి చెప్పొద్దు సార్. నాన్నకి అస్సలు తెలియకూడదు.’ మంచం పక్కన నిలబడ్డ డ్యూటీ డాక్టరుకీ, తీసుకొచ్చిన హాస్టల్ వార్డెన్‌కీ అక్కడే టెన్షన్ మొదలవుతుంది. చెప్పకపోతే రేపు తల్లిదండ్రులు నిలదీస్తారు. చెబితే ఈ పిల్ల మళ్లీ నోరు విప్పదేమో.

జవాబు ముందే చెప్పేస్తాను. మన దేశంలో, ఇల్లే ప్రమాదంగా మారిన కొన్ని సందర్భాల్లో తప్ప, అమ్మానాన్నలకు చెప్పడం తప్పదు. అయితే ఏం చెప్పాలి, ఎవరు చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అనే విషయాల్లో పిల్లకీ డాక్టరుకీ చాలా వెసులుబాటు ఉంది. దాన్ని మనం దాదాపు వాడుకోవడం లేదు. ఒక్క ఫోన్ కాల్‌తో అంతా కుమ్మరించేస్తున్నాం, లేదా భయపడి అంతా దాచేస్తున్నాం. రెండిటి వల్లా నష్టపోయేది పిల్లే.

ఇంటర్నెట్‌లో వెతికితే ఇంకో గందరగోళం ఎదురవుతుంది. పదహారేళ్లు దాటితే వైద్యానికి తనే ఒప్పుకోవచ్చు, తన వివరాలు రహస్యంగా ఉంచమనవచ్చు అని కనిపిస్తుంది. అది బ్రిటన్ సంగతి. అక్కడ 1969 నాటి చట్టం పదహారు నిండినవారికి వైద్యానికి సమ్మతించే హక్కు ఇచ్చింది. 1985 నాటి గిల్లిక్ తీర్పు అంతకంటే చిన్నవాళ్లలో కూడా విషయం అర్థం చేసుకోగలిగినవారికి కొంత చోటిచ్చింది. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండేదాకా మైనరే. క్రిమినల్ చట్టంలో మాత్రం పన్నెండేళ్ల దగ్గర ఒక గీత ఉంది. అంతకంటే చిన్నపిల్లల సమ్మతి చెల్లదు, వాళ్ల తరఫున సంరక్షకులు ఒప్పుకోవాలి. పన్నెండు నుంచి పద్దెనిమిది మధ్యవాళ్ల విషయం స్పష్టంగా లేదు కాబట్టే ఆస్పత్రులు తల్లో తండ్రో సంతకం పెట్టాలని పట్టుబడతాయి.

ఊహించి ఒక ఉదాహరణ చెబుతాను. విశాఖలో మధురవాడ వైపు ఒక కాలేజీ హాస్టల్. ఇంటర్ సెకండియర్ చదివే పదహారేళ్ల అమ్మాయి. సొంతూరు నర్సీపట్నం దగ్గర. రాత్రి పదకొండు దాటాక, చేతికందిన జ్వరం మాత్రలు చాలా వేసుకున్నానని పక్క మంచం అమ్మాయికి చెప్పింది. వార్డెన్ ఆటో పిలిపించి ఆస్పత్రికి తీసుకొచ్చింది. అమ్మాయి నడుస్తోంది, మాట్లాడుతోంది, కాస్త వాంతి తప్ప ఇంకేం లేదు. ‘బాగానే ఉంది కదా, తెల్లారాక వాళ్లమ్మావాళ్లకి చెబుదాం, వాళ్లొచ్చాక చూడొచ్చు’ అని వార్డెన్‌కి అనిపించడం సహజం.

అక్కడే ప్రాణం మీదకొస్తుంది. పారాసెటమాల్ మోతాదు మించితే మొదటి రోజు మనిషి మామూలుగానే కనిపించవచ్చు. లివర్ దెబ్బతిన్న సంగతి రెండో రోజో మూడో రోజో బయటపడుతుంది. దానికి మంచి విరుగుడు ఉంది, పేరు ఎన్-అసిటైల్ సిస్టీన్. ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే అది బాగా పనిచేస్తుంది. మింగిన నాలుగు గంటల తర్వాత రక్తంలో మందు ఎంత ఉందో చూసి, విరుగుడు అవసరమో కాదో నిర్ణయిస్తారు. నర్సీపట్నంలో నాన్నకి కబురంది, ఆయన తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి సంతకం పెట్టేదాకా ఆగితే ఆ ఎనిమిది గంటలు గడిచిపోతాయి.

ఈ విషయంలో చట్టంలో ఏ సందేహమూ లేదు. ప్రమాదంలో ఉన్న మనిషికి వైద్యం చేయడం ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా మొదటి బాధ్యత అని, పోలీసు లాంఛనాల కోసం ఆగకూడదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చి చెప్పింది. సమ్మతి ఇచ్చే సంరక్షకులు అందుబాటులో లేనప్పుడు మేలు కోరి చేసిన అత్యవసర చికిత్స నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ చెబుతోంది. పాత ఐపీసీలో ఇది 92వ సెక్షన్. కాబట్టి ‘పేరెంట్స్ వస్తేనే ట్రీట్‌మెంట్’ అనే మాట ఎవరు అన్నా తప్పే. వైద్యం మొదలవ్వాలి, దానితోపాటే ఇంటికి ఫోన్ వెళ్లాలి. ఒకదాని కోసం ఇంకోటి ఆగకూడదు. వార్డెన్‌కి ఒకే ఒక్క సలహా ఇవ్వమంటే ఇదే ఇస్తాను: మంచం కింద, డస్ట్‌బిన్‌లో దొరికిన ఖాళీ స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. రేకు వెనకున్న మందు పేరు, ఎన్ని గుంతలు ఖాళీ అయ్యాయి అన్నది డాక్టరుకి పిల్ల చెప్పే మాటకంటే ఎక్కువ ఉపయోగపడతాయి.

ఇక అసలు ప్రశ్న. చెప్పొద్దని పిల్ల బతిమాలుతుంటే ఎందుకు చెప్పాలి?

సంరక్షకులన్న హక్కు ఒక కారణం. మైనర్ వైద్యానికి సంబంధించిన నిర్ణయాలు తీసుకోవాల్సింది వాళ్లే. ఆపరేషన్‌కి ముందు మైనరైతే తల్లిదండ్రుల నుంచి గానీ సంరక్షకుల నుంచి గానీ రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతుంది. నాకు అంతకంటే పెద్దదిగా కనిపించే కారణం వేరే ఉంది. డిశ్చార్జి తర్వాత వచ్చే రోజులు, వారాలే ఎక్కువ ప్రమాదకరం. మళ్లీ ప్రయత్నించే ముప్పు అప్పుడు ఎక్కువ. ఆ అమ్మాయి వెళ్లే ఇంట్లో తాతయ్య షుగర్ మందులు, బీపీ మందులు, నిద్రమాత్రలు, పొలానికి తెచ్చిన పురుగుమందు అన్నీ ఉండొచ్చు. వాటిని తాళం వేసి పెట్టాలని తెలియాల్సింది ఎవరికి? రాత్రి పక్కన పడుకోవాల్సింది ఎవరు? విషయం తెలియని తల్లి ఆ పని చేయలేదు. దాచడం వల్ల పిల్లకి కాపలా లేకుండా పోతుంది. డాక్టర్ పిల్లకి ఇదే నేరుగా చెప్పొచ్చు: ‘నీ మీద ఫిర్యాదు చేయడానికి కాదమ్మా, నువ్వు ఇంటికెళ్లాక నీకు తోడుండటానికి ఒకరికి తెలియాలి.’

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. ‘ముందు ఎవరికి చెప్పమంటావు? అమ్మకా, నాన్నకా? నువ్వే చెబుతావా, నేను చెప్పనా? నేను చెబుతుంటే నువ్వు పక్కనుంటావా?’ చెప్పాలా వద్దా అన్నది పిల్ల చేతిలో లేకపోయినా ఇవన్నీ తన చేతిలో పెట్టొచ్చు. చాలామంది పిల్లలు దీనికి ఒప్పుకుంటారు. నాన్న అంటే వణికిపోయే అమ్మాయి ‘మా అమ్మమ్మకి చెప్పండి, ఆవిడే అమ్మకి చెబుతుంది’ అంటే అందులో తప్పేం లేదు, ఆ కబురు ఆలస్యం కాకుండా ఇంటికి చేరినంతవరకు.

ఫోన్ చేసే తీరు కూడా వైద్యంలో భాగమే. ‘మీ అమ్మాయి సూసైడ్ అటెంప్ట్ చేసింది, వెంటనే రండి’ అని పెట్టేస్తే అవతల ఆ తండ్రి బండి తీసుకుని చీకట్లో హైవే ఎక్కుతాడు. ఇలా చెప్పొచ్చు: ‘అమ్మా, నేను వైజాగ్ నుంచి ఆస్పత్రి డాక్టర్‌ని మాట్లాడుతున్నాను. మీ పాప నా ఎదురుగానే ఉంది, మాట్లాడుతోంది. మాత్రలు ఎక్కువ వేసుకుంది, వైద్యం మొదలుపెట్టాం. ఒక రోజు గడిస్తే గానీ పూర్తిగా చెప్పలేం. మీరు ఒక్కరే రావద్దు, ఎవరినైనా తోడు తెచ్చుకోండి. పాపకి ఏవైనా మందులు పడవా? ఇంతకుముందు కామెర్లు గానీ వచ్చాయా?’ ఇందులో అబద్ధం లేదు, దాచిందీ లేదు. ‘ఎందుకు చేసింది’ అన్నది మాత్రం ఫోన్‌లో చెప్పాల్సిన విషయం కాదు. అది పిల్ల నోటితో, తను సిద్ధమైనప్పుడు రావాలి.

పిల్ల ఏకాంతంలో చెప్పిన మాటల సంగతి కూడా ఇక్కడే చూడాలి. మాత్రలు మింగిందన్న విషయం, ఆమె పరిస్థితి, ముందున్న ముప్పు, ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్త, ఇవి తల్లిదండ్రులకు తెలియాలి. క్లాసులో ఎవరిని ఇష్టపడింది, ఏ టెస్టులో మార్కులు తగ్గాయి, ఫ్రెండ్‌తో ఏం గొడవైంది అన్న ప్రతి వివరమూ తెలియక్కర్లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగి గోప్యతను హక్కుగా గుర్తించింది. ఆ హక్కు మైనర్‌కీ ఉంది. మైనర్ తరఫున నామినేటెడ్ ప్రతినిధిగా ఉండే సంరక్షకుడికి తన బాధ్యతలు నెరవేర్చడానికి అవసరమైన సమాచారం ఇవ్వొచ్చు. ఆ ‘అవసరమైన’ అన్న హద్దు లోపల ఉండటం డాక్టర్ విచక్షణ. ఐసీయూ బయట చేరిన పెదనాన్నకీ, పక్కింటి అంకుల్‌కీ, పరామర్శకొచ్చిన పిన్నికీ ఏ సమాచారమూ ఇవ్వాల్సిన పని లేదు. మన ఆస్పత్రి వరండాల్లో ఇది రోజూ తప్పుతోంది. నర్సో వార్డ్ బాయో అనే ఒక్క మాట ఊరంతా పాకి, ఆ పిల్ల ఇంటికెళ్లేసరికి నలుగురి నోళ్లలో నానుతూ ఉంటుంది.

అయితే డాక్టర్ ఎప్పుడూ ‘ఎవరికీ చెప్పను’ అని ముందే మాట ఇవ్వకూడదు. అమ్మాయి మీద ఎవరైనా లైంగిక దాడి చేశారని బయటపడితే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి తెలియజేయడం తప్పనిసరి, తెలియజేయకపోవడమే నేరం. అందుకని మాట మొదలయ్యేముందే, ‘నీ ప్రాణానికి గానీ ఇంకొకరికి గానీ ముప్పు ఉంటే, నీకు ఎవరైనా హాని చేసి ఉంటే దాచలేను, మిగతాది మన మధ్యే’ అని చెప్పేయాలి. ఇచ్చిన మాట తప్పిన డాక్టరుని పిల్ల జన్మలో నమ్మదు.

ఇక తల్లిదండ్రుల్నీ హాస్టళ్లనీ అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే మాట: ‘పోలీస్ కేసు అవుతుంది’. ఈ భయంతోనే పెద్దాస్పత్రికి వెళ్లకుండా వీధి చివర నర్సింగ్‌హోమ్‌లో ‘ఫుడ్ పాయిజనింగ్’ అని రాయించుకునేవాళ్లున్నారు. దీని వల్ల ప్రాణాలు పోతాయి కాబట్టి ఈ విషయం వివరంగా చెప్పాలి.

విషం గానీ మందుల ఓవర్‌డోస్ గానీ అయితే ఆస్పత్రి దాన్ని మెడికో లీగల్ కేసుగా, అంటే ఎంఎల్‌సీగా నమోదు చేసి పోలీసులకి కబురు పంపుతుంది. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) లాంటి పెద్దాస్పత్రిలో అది రోజువారీ పని. ఎంఎల్‌సీ అంటే పిల్ల మీద కేసు పెట్టినట్టు కాదు. ఆస్పత్రి పోలీసులకు ఇచ్చే సమాచారం మాత్రమే. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, విచారించి శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్ లాంటిది అసలు లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో బలవంతపెట్టడానికో అడ్డుకోవడానికో చేసే ఆత్మహత్యాప్రయత్నం మాత్రమే అందులో నేరం. కాబట్టి మధురవాడ హాస్టల్ అమ్మాయి మీద పెట్టడానికి కేసే లేదు. పోలీసు వచ్చి వివరం అడిగేది ఎవరైనా వేధించారా, ఎవరైనా బలవంతంగా ఇచ్చారా అని తెలుసుకోవడానికి. ఆ ప్రశ్నలు అడగడం అవసరమే. అడిగేది పిల్ల తేరుకున్నాక, డాక్టర్ సరేనన్నాక.

గంజాయి, నొప్పి ఇంజెక్షన్లు, మత్తు మాత్రలు అయితే భయం ఇంకా ఎక్కువ. ఏజెన్సీ నుంచి విశాఖ మీదుగా గంజాయి రవాణా జరుగుతూ ఉండటంతో ఈ ఊళ్లో ఆ భయానికి కారణం కూడా ఉంది. ట్రమడాల్ అనే నొప్పి మందు 2018 నుంచి మత్తుపదార్థాల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చింది. ఆ చట్టం 27వ సెక్షన్ ప్రకారం వాడటం కూడా నేరమే, గంజాయికైతే ఆరు నెలల వరకు జైలు గానీ పదివేల వరకు జరిమానా గానీ రెండూ గానీ పడొచ్చు. కానీ అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. అలవాటు పడ్డ వ్యక్తి తనంతట తాను చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తి చేస్తే వాడకం నేరానికి విచారణ నుంచి రక్షణ ఉంటుంది. మైనరైతే జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. చాలా తీవ్రమైన నేరం అయితేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టకూడదని 2016 నాటి కేంద్ర నమూనా నియమాలు చెబుతాయి. డైరీలో నమోదు చేసి తల్లిదండ్రులకి తెలియజేస్తారు. అసలు గట్టి శిక్ష ఇచ్చినవాడికి ఉంది. డాక్టర్ రాసిస్తే తప్ప పిల్లలకి మత్తుపదార్థం ఇచ్చినవారికి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. ఇంట్లో విషయం దాచితే చివరికి తప్పించుకునేది ఆ అమ్మినవాడే.

స్నేహితులకి కూడా ఒక మాట. తెలివి తప్పినవాణ్ణి క్యాజువాలిటీ గేటు దగ్గర దింపి పారిపోవద్దు. ఏం తీసుకున్నాడో చెప్పండి చాలు. నల్లమందు జాతి మందులైతే నలోక్సోన్ ఇంజెక్షన్ నిమిషాల్లో ఊపిరి నిలబెడుతుంది. దేనికి విరుగుడు ఇవ్వాలో డాక్టరుకి తెలియాలి కదా.

పసిపిల్లల విషయంలో సమాచారం ఇంటివాళ్ల నుంచి డాక్టరుకి రావాల్సి ఉంటుంది. బడిలో అక్కకి వారానికోటి చొప్పున ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలు తమ్ముడు చాక్లెట్లనుకుని తినేస్తాడు. నానమ్మ షుగర్ మాత్ర పాకే పాప నోట్లోకి వెళ్తుంది. అత్తగారు తిడతారనో, తన అజాగ్రత్త అంటారనో భయపడి తల్లి ‘ఏమో డాక్టర్, ఉన్నట్టుండి వాంతులు’ అంటుంది. డాక్టర్ చీకట్లో వెతుక్కుంటాడు. ఆ తల్లిని పక్కకి పిలిచి, తప్పు పట్టకుండా, ఇంట్లో ఎవరెవరు ఏ మందులు వాడుతున్నారని అడిగితే నిజం వస్తుంది. ఏం మింగారో తెలిసి ఏం చేయాలో తెలియనప్పుడు ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రానికి 1800 116 117కి ఫోన్ చేయొచ్చు. పెద్దవాళ్లూ చేయొచ్చు, డాక్టర్లూ చేస్తారు.

ఇప్పుడు మొదట్లో అన్న మినహాయింపు. కొట్టేది ఇంట్లోవాళ్లే అయితే? పిల్ల మింగడానికి కారణం ఆ ఇంట్లో జరుగుతున్న హింసే అయితే? లేదా పెళ్లి ఖాయం చేసి చదువు మాన్పిస్తుంటే? అప్పుడు ‘నాన్నకి చెప్పొద్దు’ అన్న మాటను సిగ్గు కిందో మొండితనం కిందో కొట్టిపారేయడం ప్రమాదం. అందుకే ఇంటికి ఫోన్ చేసేముందు పిల్లని ఒంటరిగా అడగాలి: ‘ఇంట్లో నీకు భయమేస్తుందా? ఎవరైనా కొడతారా?’ రెండు నిమిషాలు పట్టదు. అవునంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ జిల్లా బాలల సంక్షేమ కమిటీకి గానీ చెప్పాలి. తనను హింసించే వ్యక్తితో కలిసి ఉంటున్న బిడ్డ, చట్టం దృష్టిలో సంరక్షణ, రక్షణ అవసరమైన బిడ్డ. ఎక్కడ ఉండాలో, ఎవరి దగ్గరికి పంపాలో ఆ కమిటీ నిర్ణయిస్తుంది. 2017 చట్టం కూడా ఈ పరిస్థితిని ముందే ఊహించింది. సంరక్షకుడు బిడ్డ మేలు కోరి నడుచుకోవడం లేదని తేలితే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు తగిన మరొకరిని ప్రతినిధిగా నియమించగలదు. ఇది డాక్టర్ ఒక్కడూ మోయాల్సిన నిర్ణయం కాదు, కేస్ షీట్‌లో రాసిపెట్టి సీనియర్‌తోనూ ఆస్పత్రి సోషల్ వర్కర్‌తోనూ మాట్లాడి తీసుకోవాల్సిన నిర్ణయం.

హాస్టళ్ల గురించి వేరుగా చెప్పకపోతే విశాఖలో ఈ చర్చ పూర్తవదు. ఈ ఊళ్లో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అదే తీర్పులో దేశమంతటా విద్యాసంస్థలకీ కోచింగ్ సెంటర్లకీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, అంతకుమించి విద్యార్థులున్న సంస్థ అర్హత ఉన్న కౌన్సెలర్‌ని పెట్టుకోవాలి. అత్యవసరంలో ఏ ఆస్పత్రికి, ఏ హెల్ప్‌లైన్‌కి ఎలా పంపాలో రాతపూర్వక పద్ధతి ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ లాంటివాటి నంబర్లు అందరికీ కనిపించేలా రాసి ఉంచాలి. పిల్లని చేర్పించేటప్పుడు ఫీజు, ఫుడ్, ఏసీ గురించి అడిగే మనం, ‘రాత్రి పన్నెండుకి మా పాపకి ఏదైనా అయితే ఎవరు తీసుకెళ్తారు, ఏ ఆస్పత్రికి, మాకు ఎంతసేపట్లో ఫోన్ వస్తుంది, ఆ కాగితం చూపించండి’ అని అడగడం లేదు. అడగాలి. కాలేజీ పరువు కోసం కబురు ఆలస్యం చేసే యాజమాన్యానికి ఆ కాగితమే అడ్డుపడుతుంది. ఆస్పత్రి మంచం మీద పిల్ల ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టేవాళ్ల సంగతి కూడా అక్కడే తేల్చుకోవాలి. మానసిక చికిత్సలో ఉన్నవారి ఫొటోలు, వివరాలు సమ్మతి లేకుండా మీడియాకి ఇవ్వడాన్ని 2017 చట్టం నిషేధించింది.

ప్రాణం గట్టెక్కాక సైకియాట్రిస్ట్‌ని కలవమంటారు. ‘మా పిల్లకి పిచ్చి లేదు’ అని వద్దనకండి. కేజీహెచ్‌లో, వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఈ సేవ ఉంది. ఎక్కువమందికి వచ్చి మాట్లాడి వెళ్లడమే సరిపోతుంది. చేర్చుకోవాల్సి వస్తే మైనర్లకి చట్టం ప్రత్యేక జాగ్రత్తలు పెట్టింది: సంరక్షకుల దరఖాస్తు మీదే చేర్చుకోవాలి, ఒక సైకియాట్రిస్టుతో పాటు మరో నిపుణుడు విడిగా పరీక్షించాలి, పెద్దవాళ్లతో కలపకుండా వేరుగా ఉంచాలి, చేర్చిన సంగతి 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకి తెలపాలి, సంరక్షకులు గానీ వాళ్లు నియమించిన ఒకరు గానీ చేర్చినన్నాళ్లూ తప్పనిసరిగా తోడుండాలి.

తల్లిదండ్రులు ఆస్పత్రికి చేరిన ఆ మొదటి గంటలో ‘ఎందుకిలా చేశావ్, మేమేం తక్కువ చేశాం’ అన్న ప్రశ్న గొంతు దాకా వస్తుంది. ఆ రోజుకి దాన్ని ఆపుకోండి. ‘నువ్వున్నావు, చాలు’ అని చేయి పట్టుకుని కూర్చోండి. ఇంటికి వెళ్లేలోపే ఎవరో ఒకరు ముందుగా వెళ్లి మందులన్నీ ఒక పెట్టెలో పెట్టి తాళం వేయండి, పురుగుమందు, ఎలుకల మందు ఇంట్లోంచి తీసేయండి. మొదటి ఫాలోఅప్ తేదీ డిశ్చార్జి కాగితం మీద రాయించుకోండి. మీకే ఏం చేయాలో తోచని రాత్రి టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. ప్రాణాపాయం అనిపిస్తే 108. మత్తు మాన్పించే సలహాకి 14446, అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి రాష్ట్రంలో మత్తుపదార్థాలను అరికట్టే పోలీసుల ఈగల్ విభాగం నంబరు 1972. ఈ నంబర్లు పిల్ల ఫోన్‌లోనూ ఉండనివ్వండి.